సాగుభూముల సంరక్షణలో నిధుల భాగస్వామ్యం: అమెరికా అనుభవం

సొంత పొలంలోనో పశువుల మేతభూమిలోనో నేల కోసుకుపోకుండా, నీరు చెడకుండా, పిట్టకూ జంతువుకూ నెలవు పోకుండా రైతు చేసే పనుల ఖర్చును ప్రభుత్వం, పట్టణాలు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీలు అతనితో కలిసి భరించే ఏర్పాట్లను నిధుల భాగస్వామ్యం అంటారు. చాలా దేశాల్లో ఇలాంటివి ఉన్నాయి. తొంభై ఏళ్లుగా తెగకుండా నడుస్తూ, మంచీ చెడ్డా రెండూ రికార్డులకెక్కినది మాత్రం అమెరికాలోనే. ఈ వ్యాసం ప్రధానంగా ఆ అనుభవం గురించే.

అక్కడి రాంచ్‌ని మన పొలంతో పోల్చుకుంటే బోధపడదు. అది వందల, వేల ఎకరాల గడ్డినేలలో పశువులను తిప్పి మేపుకునే కమతం. పశ్చిమ రాష్ట్రాల్లో ఒక్కో రాంచ్‌లో సొంత భూమి కొంత, మేత కోసం ప్రభుత్వం దగ్గర లీజుకు తీసుకున్నది కొంత కలగలిసి ఉంటాయి. ఈ కలగలుపు వల్ల వచ్చే చిక్కు ఒకటి ముందు ముందు కనిపిస్తుంది.

ఖర్చొకరిది, ఫలమొకరిది

2022 వ్యవసాయ గణన ప్రకారం అమెరికాలో సుమారు 19 లక్షల కమతాలు, వాటి కింద 88 కోట్ల ఎకరాలు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కలిపితే ఎంతో, దానికి దాదాపు 13 రెట్లు. పేరు మోసిన జాతీయ పార్కులు ఎన్ని ఉన్నా వాగులూ చిత్తడి నేలలూ గడ్డిమైదానాలూ చాలావరకు రైతుల చేతిలోనే ఉన్నాయి కనుక, వాళ్లను కలుపుకోకుండా చేసే సంరక్షణ సగం పని కూడా కాదు.

వాగు పక్కన ముప్పై అడుగుల పచ్చిక పట్టీ వదిలితే ఆ మేరకు రైతుకు మొక్కజొన్న తగ్గుతుంది. తేటపడిన నీళ్లు తాగేది దిగువనున్న పట్నం. ఫలం గట్టు దాటి పోయేచోట ఖర్చంతా గట్టు ఇవతలి మనిషే పెట్టుకోవాలంటే కుదరదు. చట్టం పెట్టి చేయించవచ్చు కదా అంటే, 1972 నాటి పరిశుభ్ర జల చట్టం ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చే మురుగును పట్టుకుంది గానీ పొలాల మీద నుంచి జారే వాననీటిని దాదాపు వదిలేసింది. అందుకని అక్కడ రైతును ‘చెయ్యి’ అనడం కన్నా ‘చేస్తే ఇంత ఇస్తాం’ అనడం ఆనవాయితీగా స్థిరపడింది. పొలాల మీద సంరక్షణ చరిత్ర అంతా ఈ ‘ఇంత’ ఎంత, ఎవరివ్వాలి అన్న బేరమే.

కూన్ క్రీక్‌తో మొదలు

ఉత్తర కెరొలైనాలో పత్తి పండించే ఇంట పుట్టిన హ్యూ హ్యామండ్ బెన్నెట్ ప్రభుత్వంలో నేలల సర్వే ఉద్యోగి. వానకు కొట్టుకుపోయే మట్టి దేశానికి ముప్పని 1928లోనే ప్రభుత్వ ప్రచురణలో రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1930ల్లో కరువు వచ్చి, దున్ని వదిలేసిన మైదానాలు దుమ్మై లేచేసరికి పట్టించుకోక తప్పలేదు. 1935 వసంతంలో సెనేట్ కమిటీ ముందు మాట్లాడుతూ, పడమటి నుంచి దుమ్ముమేఘం వాషింగ్టన్ చేరబోతున్నదని ముందే తెలిసిన బెన్నెట్ అది వచ్చేదాకా ప్రసంగం సాగదీశాడనీ, కిటికీ బయట పగలు చీకటి పడ్డాక సభ్యులకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయిందనీ చెప్పుకుంటారు. కథకు కొంత రంగు చేరి ఉండవచ్చు. ఆ ఏడాది ఏప్రిల్ 27న నేల సంరక్షణ చట్టం వచ్చిన మాట మాత్రం నిజం. అప్పుడు ఏర్పడిన శాఖే 1994లో పేరు మార్చుకుని నేటి సహజ వనరుల సంరక్షణ శాఖ, పొట్టిగా ఎన్ఆర్‌సీఎస్ అయింది.

చట్టానికి రెండేళ్ల ముందే విస్కాన్సిన్ రాష్ట్రంలో కూన్ క్రీక్ అనే వాగు పరీవాహకాన్ని ప్రయోగానికి తీసుకున్నారు. సుమారు 92 వేల ఎకరాలు, నిటారు వాలులు. వలస వచ్చిన రైతులు కొండవాలును కూడా చదరంగా కొలుచుకుని పైనుంచి కిందికి దున్నేవాళ్లు. వాన పడితే చాళ్లే కాలువలు, కాలువలే లోయలు. పశువులను కొండ మీది అడవిలోకి తోలడంతో అక్కడ నీరు ఇంకడం కూడా పోయింది.

ఒప్పందం ఐదేళ్లకు. రైతు వాలుకు అడ్డంగా, కాంటూరు పట్టీలుగా, ఒక పట్టీ మొక్కజొన్న ఒక పట్టీ పశుగ్రాసం చొప్పున వెయ్యాలి. అడవిలోకి పశువులను పోనివ్వకూడదు. బదులుగా ప్రభుత్వం విత్తనం, సున్నం, ఎరువు, కంచె తీగ ఇస్తుంది. నిరుద్యోగ యువకుల శిబిరం నుంచి కూలీలు వచ్చి కోతపడ్డ చోట్ల రాతికట్టలు కడతారు. రైతు తన పనీ, తన పశువులూ, తన రాయీ ఇస్తాడు. 400 పైచిలుకు కుటుంబాలు సంతకం పెట్టాయి. నేటి భాగస్వామ్య పత్రాల్లో కనిపించే అంశాలన్నీ అక్కడే ఉన్నాయి: గడువు, వాటా, సామగ్రి రూపంలో వాటా, పర్యవేక్షణ. అడవిజీవుల శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడైన ఆల్డో లియోపోల్డ్ ఆ ప్రాజెక్టుకు సలహాదారు.

రైతు ఇంటి గుమ్మం ముందుకు వాషింగ్టన్ నుంచి మనిషి వస్తే తలుపు తీస్తారా అన్న అనుమానంతో, 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక నమూనా చట్టాన్ని గవర్నర్లందరికీ పంపాడు. దాని ప్రకారం రైతులే స్థానికంగా నేల సంరక్షణ జిల్లాలు ఏర్పాటు చేసుకోవచ్చు. మొదటిది బెన్నెట్ సొంత కౌంటీలో ఏర్పడిన బ్రౌన్ క్రీక్ జిల్లా. ఇప్పుడు దేశమంతటా సుమారు 3,000 ఉన్నాయి. డబ్బు ఢిల్లీదే అయినా అడిగేవాడు పక్క ఊరివాడైతే మాట చెల్లుతుందన్నది మనకూ తెలిసిన సంగతే.

డబ్బు నడిచే తోవలు

ఇప్పుడున్న పథకాలు అయోమయం పుట్టించేటన్ని ఉన్నా, డబ్బు రైతు చేతికి చేరే పద్ధతులు మూడే.

మొదటిది ఖర్చులో వాటా. 1996 వ్యవసాయ చట్టంతో వచ్చిన ఈక్విప్ అనే పథకం దీనికి పెద్ద ఉదాహరణ. పేడ నిల్వకు కాంక్రీటు తొట్టి, పశువులు వాగులో దిగకుండా కంచె, పంటకూ పంటకూ మధ్య నేల కప్పే పైరు, డ్రిప్పు ఇలా ఒక్కో పనికి ఒక్కో రేటు కట్టి ఖర్చులో 75 శాతం వరకు ఇస్తారు. కొత్తగా సేద్యంలోకి వచ్చినవాళ్లకు, పేద రైతులకు, మాజీ సైనికులకు 90 శాతం వరకు. డ్రిప్ సబ్సిడీ చూసిన తెలుగు రైతుకు ఇది కొత్త కాదు, అందులోని తిరకాసు కూడా కొత్త కాదు: పని ముందు, డబ్బు తర్వాత. పని పూర్తయి, అధికారి కొలిచి, సరిగ్గా ఉందని రాశాకే చెల్లింపు. చేతిలో పెట్టుబడి లేనివాడికి 90 శాతమూ సున్నాయే. అది గ్రహించి ఇలాంటి రైతులకు సగం సొమ్ము ముందే ఇచ్చే వెసులుబాటు తర్వాత చేర్చారు.

రెండోది అద్దె. 1985 చట్టంతో మొదలైన సీఆర్‌పీ అనే పథకంలో కోతకు గురయ్యే భూమిని 10 నుంచి 15 ఏళ్లు పంట వెయ్యకుండా గడ్డికో చెట్లకో వదిలిపెడితే ప్రభుత్వం ఏటా అద్దె కడుతుంది. 2007లో ఇది 3.68 కోట్ల ఎకరాలకు చేరింది. ఆ తర్వాత మొక్కజొన్న ధర ఎగిసింది, గడువు తీరిన భూమి మళ్లీ నాగలి కిందికి పోయింది. అద్దె ఆగితే ఫలమూ ఆగడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం.

మూడోది హక్కు కొనడం. భూమి రైతుదే, సేద్యం రైతుదే. దాన్ని ప్లాట్లు చేసి అమ్ముకునే హక్కును మాత్రం ఒక ల్యాండ్ ట్రస్టో ప్రభుత్వమో కొనేసి శాశ్వతంగా పక్కన పెట్టేస్తుంది. దీన్ని ఈజ్‌మెంట్ అంటారు. 1974లో న్యూయార్క్ రాష్ట్రంలోని సఫొక్ కౌంటీ ఈ దారిలో తొలి అడుగు వేసింది. బంగాళాదుంప పొలాలను నగరం మింగేస్తున్న కాలమది. మామూలు సేద్యభూముల్లో హక్కు విలువలో సగం వరకు, ప్రత్యేకమైన గడ్డినేలల్లో 75 శాతం వరకు కేంద్రం ఇస్తే, మిగతాది ట్రస్టు, రాష్ట్రం, విరాళాలు సర్దుతాయి. చాలామంది రైతులు కొంత విలువను ఉచితంగా వదులుకుని ఆదాయపన్ను మినహాయింపు తీసుకుంటారు. హైదరాబాద్ చుట్టూ పొలాలు వెంచర్లైన తీరు చూసినవాళ్లకు, ప్లాట్లు వెయ్యనని రాసిచ్చి డబ్బు తీసుకునే రైతు వింతగా కనిపించవచ్చు. పిల్లలు వారసత్వ పన్ను కోసమో పంపకాల కోసమో రాంచ్‌ను ముక్కలు చెయ్యకుండా నిలబెట్టుకోవడానికి ఆ డబ్బే ఆధారమైన కుటుంబాలు చాలా ఉన్నాయి. కొలరాడో పశుపోషకుల సంఘం 1995లో తనకంటూ ఒక ట్రస్టు పెట్టుకుంది. ప్రభుత్వమన్నా పర్యావరణవాదులన్నా నమ్మకం లేనివాళ్లు తమవాళ్లకైతే సంతకం పెడతారని దాని లెక్క. అది ఫలించింది.

పన్ను మినహాయింపు ఉన్నచోట దొంగలూ చేరారు. చవక భూమి కొని, దాని విలువను పదింతలు రాయించి, ఆ హక్కును దానమిచ్చినట్టు చూపి ధనికులకు మినహాయింపులు పంచిపెట్టే బేరాలు పుట్టుకొచ్చాయి. 2022 డిసెంబరు చివర వచ్చిన చట్టం, పెట్టుబడికి రెండున్నర రెట్లు దాటిన ఇలాంటి ఉమ్మడి దానాలకు మినహాయింపు లేకుండా చేసింది.

మ్యాచింగ్: ఒకటికి ఒకటి

ఈ పద్ధతులన్నిటికీ బయటి డబ్బును జోడించాలన్న ఆలోచన చట్టరూపం దాల్చింది 2014లో. ప్రాంతీయ సంరక్షణ భాగస్వామ్య పథకం, పొట్టిగా ఆర్‌సీపీపీ, నాలుగు పాత పథకాలను కలిపేసి వచ్చింది. ఏదైనా సంస్థ, అంటే ఒక నగర నీటి సరఫరా విభాగం, బాతుల సంఘం, బియ్యం మిల్లర్ల సమాఖ్య లేదా విశ్వవిద్యాలయం, ఒక ప్రాంతాన్నీ ఒక సమస్యనూ ఎంచుకుని, కేంద్రం ఇచ్చేదానికి దీటుగా తన వాటా తెస్తానని దరఖాస్తు పెడుతుంది. వాటా నగదే కానక్కర్లేదు, ఉద్యోగుల జీతాలు, నీటి పరీక్షలు, యంత్రాలు కూడా లెక్కలోకి వస్తాయి. 2015 జనవరిలో తొలి విడతగా 115 ప్రాజెక్టులు ఎంపికయ్యాయి. కేంద్రం 37 కోట్ల డాలర్ల పైచిలుకు ఇస్తే, భాగస్వాములు 40 కోట్ల దాకా తెస్తామన్నారు. 2018 వ్యవసాయ చట్టం దీనికి ఏటా 30 కోట్ల డాలర్లు కేటాయించింది. 2022 ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం సంరక్షణకు కేటాయించిన 1,950 కోట్ల డాలర్లలో 495 కోట్లు ఈ ఒక్క పథకానికే.

జీతాలనూ ప్రయాణ ఖర్చులనూ వాటాగా చూపించే వీలుంది కనుక, ‘ఒక డాలరుకు ఒక డాలరు’ అనే ప్రకటనలను అలాగే నమ్మనక్కర్లేదు. కొంత అప్పటికే జరుగుతున్న పనికే కొత్త పేరు. అయినా ఒక విషయంలో ఈ పథకం పాతవాటిని మించింది: డబ్బు ఇచ్చే చేతికీ అందుకునే చేతికీ మధ్య నడిచే మనిషికి జీతం దొరికింది.

ఇది చిన్న సంగతి కాదు. రైతు ఈక్విప్‌కు అర్హుడు కావాలంటే పొలానికి వ్యవసాయ శాఖ ఇచ్చే నంబరు ఉండాలి, పటాలు ఉండాలి, సంరక్షణ ప్రణాళిక ఉండాలి. ఆ ప్రణాళిక రాసే ఎన్ఆర్‌సీఎస్ ఉద్యోగి చాలా కౌంటీల్లో ఒక్కడే. 2010 నుంచి 2020 మధ్య ఈక్విప్‌కు దరఖాస్తు చేసినవాళ్లలో ఆమోదం దొరికింది 31 శాతానికే. నిధులు తక్కువన్నది నిజమే, పొలం తిరిగి చూసే మనుషులు తక్కువన్నదీ అంతే నిజం. 1984లో అమెరికా కాంగ్రెస్ ఏర్పాటు చేసిన జాతీయ చేపలు, వన్యప్రాణుల ఫౌండేషన్ ఎన్ఆర్‌సీఎస్‌తోనూ కంపెనీలతోనూ కలిసి నడిపే గ్రాంట్లలో పెద్ద భాగం ఇలాంటి క్షేత్రస్థాయి సలహాదారుల జీతాలకే పోతుంది. ఫొటోలో కొత్త కంచె పడుతుంది. ఆ కంచె ఎక్కడ వేస్తే పశువులు నీళ్లకు పోగలవో చూసిన మనిషి పడడు. దాతలకు ఫొటో ఇష్టం కాబట్టి జీతానికి గ్రాంటు దొరకడం ఎప్పుడూ కష్టమే.

నగరం, పాలరైతు

పట్టణం రైతుకు నేరుగా డబ్బు కట్టిన ఉదంతాల్లో న్యూయార్క్‌దే పెద్దది. ఆ నగరానికి రోజుకు సుమారు వంద కోట్ల గ్యాలన్ల నీరు కావాలి. అందులో 90 శాతం క్యాట్స్‌కిల్ కొండలు, డెలవేర్ నదీ పరీవాహకం నుంచి వడపోత లేకుండానే వస్తుంది. 1989లో కేంద్రం ఉపరితల నీటిని వడపోయాల్సిందే అని నిబంధన తెచ్చింది. అలాంటి ప్లాంటు కట్టాలంటే 600 కోట్ల డాలర్ల అంచనా. నీటి మూలాన్ని తేటగా ఉంచుతామని రుజువు చేస్తే మినహాయింపు ఉంది.

నగరం మొదట చేసింది మనం ఊహించగలిగిందే. 1990లో కొండల మీది రైతులకు కట్టడి నియమాలు రాసి పంపింది. పాలరైతులు భగ్గుమన్నారు. రెండేళ్లు చర్చలు జరిగాక 1993లో రైతులే ఎక్కువమందిగా ఒక వ్యవసాయ మండలి ఏర్పడింది. షరతులు చూడండి: చేరడం ఇష్టమైతేనే. పొలం మొత్తానికి ఒక ప్రణాళిక. ఖర్చు నూటికి నూరు నగరానిదే. ఐదేళ్లలో 85 శాతం రైతులు చేరకపోతే మళ్లీ కట్టడి నియమాలు. లక్ష్యం దాటింది.

ఆ డబ్బుతో ఏం చేశారంటే అన్నీ మామూలు పనులే. లేగదూడల పేడలో ఉండే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరినుకు లొంగదు కనుక, దూడలను వేరే కొట్టంలో, పొడిగా, వాననీరు ఆ కొట్టం మీదుగా పారకుండా ఉంచారు. కొట్టం కప్పుకు చూరు గొట్టాలు పెట్టి వాననీటిని పేడ మీద పడకుండా మళ్లించారు. పాలగది కడిగిన నీళ్లను వాగులోకి కాక గడ్డినేలకు పారించారు. పశువులను వాగులోకి దిగనివ్వకుండా కంచె వేసి, బదులుగా ఒడ్డున తొట్టికి నీళ్లు తెచ్చారు. 600 కోట్ల కట్టడానికి చూరు గొట్టం ప్రత్యామ్నాయం అవుతుందని ఇంజినీర్లను ఒప్పించడం మరీ కష్టమై ఉంటుంది.

అయోవా కథ ఇంత సాఫీగా లేదు. అక్కడ పొలాల కింద పాతిన గొట్టాలు చెమ్మను లాగి నేరుగా వాగుల్లో వదులుతాయి, నీటితో పాటు నైట్రేటూ వెళుతుంది. తాగునీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాములు హద్దు. డెమోయిన్ నగర నీటి సంస్థ 1990ల తొలినాళ్ల నుంచే నైట్రేటు తీసే ప్లాంటు నడుపుతోంది. 2015లో విసిగి ఎగువనున్న మూడు కౌంటీల మురుగుకాలువ మండళ్ల మీద కేసు వేసింది. 2017లో కోర్టు కొట్టేసింది. 2025 జూన్‌లో నైట్రేటు పెరిగి, పచ్చిక బయళ్లకు నీళ్లు పెట్టవద్దని ఆ ప్రాంత జనానికి చెప్పాల్సి వచ్చింది.

కోర్టులో తేలనిది, ఆ నగరమున్న పోక్ కౌంటీలో మరో రకంగా కొంత కదిలింది. వాగు ఒడ్డున గొట్టం చివర ఒక పెట్టె పెట్టి, నీటిని ఒడ్డు వెంబడి చిల్లుల గొట్టంలోకి మళ్లిస్తే, అది పచ్చిక వేళ్ల మధ్య నుంచి మెల్లగా ఇంకి వాగు చేరేలోపు సూక్ష్మజీవులు నైట్రేటును వాయువుగా మార్చేస్తాయి. స్థలం లేనిచోట చెక్కముక్కలు నింపిన గుంత కూడా ఇదే పని చేస్తుంది. రైతుకు దీనివల్ల పంట పెరగదు, తరగదు. కాబట్టి సొంత డబ్బు వాటా కాదు కదా, దరఖాస్తు నింపే ఓపిక కూడా పెట్టడు. 2021లో కౌంటీ, రాష్ట్రం, నీటి సంస్థ కలిసి పద్ధతి తిరగేశాయి. ఇంజినీరు, కాంట్రాక్టరు, బిల్లులు అన్నీ కౌంటీయే చూసుకుంది. యాభైకి పైగా చోట్ల ఒకే విడతలో తవ్వించారు. రైతు సంతకం పెడితే చాలు, పైగా పొలంలోకి యంత్రాలను రానిచ్చినందుకు వెయ్యి డాలర్లు ఇచ్చారు. ఖర్చులో రైతుకు వాటా ఉంటేనే బాధ్యత ఉంటుందన్న పాత సూత్రం అన్నిచోట్లా చెల్లదని చూపినందుకైనా ఇది చెప్పుకోదగ్గది.

గడ్డి బ్యాంకు

అరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రాలు మెక్సికో సరిహద్దును తాకే మూలలో మాల్పై అనే ప్రాంతం ఉంది. 1991లో అక్కడ మంట రేగితే, గడ్డినేలలో కమ్ముకొస్తున్న పొదలను అది తగలబెడుతుంది, వదిలెయ్యండని రాంచ్ యజమానులు కోరారు. అధికారులు వినకుండా ఆర్పేశారు. ఆ కోపం నుంచి మొదలైన సమావేశాలు 1994లో మాల్పై బార్డర్‌లాండ్స్ గ్రూప్‌గా మారాయి. సుమారు 8 లక్షల ఎకరాల మీద రాంచ్ యజమానులు, శాస్త్రవేత్తలు, ప్రభుత్వ శాఖలు ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఏర్పాటు ఇది.

వాళ్ల గొప్ప ఆవిష్కరణ గడ్డి బ్యాంకు. పక్కనే 3.21 లక్షల ఎకరాల గ్రే రాంచ్ ఉంది. 1990లో ఒక పర్యావరణ సంస్థ కొని, తర్వాత స్థానిక కుటుంబపు ఫౌండేషన్‌కు అమ్మింది. కరువొచ్చి తన భూమిలో గడ్డి మాడిన పశుపోషకుడు మందను గ్రే రాంచ్‌కు తోలుకుపోవచ్చు. మేసిన గడ్డికి కట్టాల్సిన డబ్బుకు బదులు, అంతే విలువకు తన భూమిని ఎన్నడూ ప్లాట్లు చెయ్యనని హక్కు రాసిస్తాడు. మంద లేనన్నాళ్లు అతని నేల తేరుకుంటుంది. డబ్బు చేతులు మారదు, గడ్డే కరెన్సీ. ఇందులో ఒక తెలివైన మెలిక కూడా ఉంది. రైతు తప్పేమీ లేకుండా ప్రభుత్వం అతని మేత లీజును రద్దు చేస్తే అతను రాసిచ్చిన హక్కూ చెల్లదు. సొంత భూమీ లీజు భూమీ కలిస్తేనే రాంచ్ అని మొదట్లో చెప్పిన చిక్కును వాళ్లు విప్పిన తీరు ఇది. 1996లో ఆ కొండల్లో ఒక రాంచ్ యజమాని కుక్కల ముందు నిలబడ్డ జాగ్వార్‌ను కాల్చకుండా ఫొటో తీశాడు. ఆ తర్వాత గ్రూపు, జాగ్వార్ దూడను తింటే పరిహారం ఇచ్చే నిధి పెట్టింది.

ఇంకాస్త ఉత్తరాన, సేజ్ గ్రౌస్ అనే నేలకోడిని అంతరించే జీవుల చట్టం కింద చేరిస్తే మేత మీద ఆంక్షలు వస్తాయన్న భయం 11 రాష్ట్రాల పశుపోషకులను కదిలించింది. 2010లో ఎన్ఆర్‌సీఎస్ మొదలుపెట్టిన పథకంలో వెయ్యికి పైగా రాంచ్‌లు చేరాయి. గడ్డినేలలోకి పాకిన జూనిపర్ చెట్లను కొట్టేశారు. తక్కువ ఎత్తులో ఎగిరే ఆ పిట్టలు ముళ్లతీగకు కొట్టుకుని చస్తుంటే, ఇంటి గోడలకు వాడే తెల్ల ప్లాస్టిక్ పట్టీని అంగుళాల ముక్కలుగా కోసి తీగకు తగిలించారు. పైసల్లో పోయే ఖర్చు. ఐడహోలో చేసిన అధ్యయనంలో అలా గుర్తులు పెట్టిన కంచెల దగ్గర ఢీకొనడం 83 శాతం తగ్గింది. 2015లో ప్రభుత్వం ఆ పిట్టను జాబితాలో చేర్చనక్కర్లేదని తేల్చింది. విజయమని అందరూ చప్పట్లు కొట్టారు. 1965 నుంచి వాటి సంఖ్య 80 శాతం పడిపోయిందని 2021లో తేలిన లెక్క ఆ చప్పట్లను కాస్త తగ్గించాలి.

కాలిఫోర్నియా వరి

తెలుగు పాఠకుడికి దగ్గరగా అనిపించే ఉదాహరణ శాక్రమెంటో లోయ వరిపొలాలు. అక్కడా గడ్డి తగలబెట్టేవాళ్లు. 1991లో రాష్ట్రం దాన్ని అంచెలంచెలుగా కట్టడి చేసింది. గడ్డి కుళ్లడానికి రైతులు చలికాలంలో మళ్లకు నీళ్లు పెట్టసాగారు. రాలిన గింజలూ నిలిచిన నీళ్లూ చూసి ఉత్తరాది బాతులు దిగాయి. పొగ ఆపమంటే పక్షుల విడిది తయారైంది.

పొడుగు కాళ్ల ఒడ్డుపిట్టలకు మాత్రం లోతు నీళ్లు పనికిరావు, నాలుగు వేళ్ల నీళ్లే కావాలి. అవి వచ్చే నెలల్లో రైతు మళ్లు ఆరగట్టేస్తాడు. 2014లో నేచర్ కన్సర్వెన్సీ అనే పర్యావరణ సంస్థ, పక్షి ప్రేమికులు నమోదు చేసిన లక్షల పరిశీలనలతో ఏ వారంలో ఏ చోట పిట్టలు దిగుతాయో లెక్కగట్టి, ఆ వారాలకు నీళ్లు నిలిపేందుకు ఎకరానికి ఎంత తీసుకుంటారో చెప్పమని రైతులనే అడిగింది. తక్కువ పాడినవాడికి బేరం. తొలి ఏడాది సుమారు 10 వేల ఎకరాలు దొరికాయి. శాశ్వతంగా కొంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది కొన్ని వారాల అద్దె. కరువు ఏడాదిలో నీళ్ల ధర పెరిగితే ఈ బేరం తెగదన్నది దీని బలహీనత.

కౌలు, వారసత్వం, రాజకీయం

అమెరికా సాగుభూమిలో దాదాపు 39 శాతం కౌలు మీద నడుస్తోంది. ఏడాది ఒప్పందం మీద దున్నేవాడు పదిహేనేళ్ల ప్రణాళిక మీద ఎందుకు సంతకం పెడతాడు? పెట్టినా భూస్వామి ఒప్పుకోవాలి. మన కౌలురైతుకు పంట నష్టపరిహారం దగ్గర ఎదురయ్యే గోడే ఇది. దక్షిణాది నల్లజాతి కుటుంబాల భూములది మరో చిక్కు. తాత వీలునామా రాయకుండా పోతే భూమి డజన్ల మంది వారసుల ఉమ్మడి ఆస్తిగా మిగులుతుంది, స్పష్టమైన పట్టా ఉండదు, పట్టా లేకపోతే పథకమూ లేదు. 2018 చట్టం ఇతర పత్రాలు చూపినా పొలానికి నంబరు ఇవ్వవచ్చని కొంత సడలించింది.

డబ్బివ్వకపోయినా ఆ పని ఎటూ చేసేవాడికే డబ్బిస్తున్నారన్న విమర్శ పాతదే. కొత్తది కంపెనీల ప్రవేశం. తమ సరుకు వెనక ఉన్న కార్బన్‌ను తగ్గించామని చెప్పుకోవడానికి ఆహార కంపెనీలు రైతులకు ఎకరాల లెక్కన చెల్లిస్తున్నాయి. 2020లో అయోవా సోయాబీన్ సంఘం చొరవతో వచ్చిన ఒక నిధి, ఒకే పొలంలో నిలిచిన కార్బన్‌ను ఒకరికీ శుద్ధి అయిన నీటిని మరొకరికీ అమ్మి రైతుకు రెండు చేతులా ఇప్పిస్తోంది. కొలత నమ్మకంగా ఉన్నంతవరకు బాగానే ఉంటుంది.

ప్రభుత్వ సొమ్ముకు మరో ప్రమాదం ఉంది. 2022లో మొదలైన 310 కోట్ల డాలర్ల వాతావరణ హిత సరుకుల భాగస్వామ్యాన్ని 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. విత్తనం చల్లాక బిల్లు ఎవరు కడతారో తెలియని స్థితి. అదే ఏడాది జూలైలో మరో చట్టం 2022 నిధుల్లో మిగిలినదాన్ని వ్యవసాయ చట్టపు మామూలు కేటాయింపుల్లో కలిపింది. మొత్తానికి సొమ్ము నిలిచింది, వాతావరణం అన్న షరతు పోయింది. ఇలాంటి మలుపు ఒకటి చూసిన రైతు తర్వాతి పథకం మనిషికి కుర్చీ వేసేముందు ఆలోచిస్తాడు.

తెలుగు నేల మీద

భూమి తీరు వేరైనా ఈ బేరం మనకు తెలియనిదేం కాదు. తెలుగువాడైన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిఫార్సుల మీద 1994లో వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు, సొంత పొలంలో పనికి రైతు పది శాతం, ఎస్సీ ఎస్టీలైతే ఐదు శాతం వాటా ఇవ్వాలన్నాయి. ఆ సొమ్ము ఊరి వాటర్‌షెడ్ నిధిగా మిగలాలి. చాలాచోట్ల దాన్ని కూలీ డబ్బుల్లోంచి కోసి చూపించారు. అంటే రైతు వాటా కూలివాడు కట్టాడు.

2016లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్య కార్యక్రమంలో కేంద్ర పథకాలు, అజీం ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ, జర్మనీ అభివృద్ధి బ్యాంకు రుణం కలిశాయి. ఖర్చులో పెద్ద భాగం సరుకుల మీద కాక మనుషుల మీద పెట్టారు. పొదుపు సంఘాల మహిళలు, అప్పటికే ఆ సేద్యం చేస్తున్న రైతులు ఊరూరా తిరిగి ఘనజీవామృతం కలపడం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లడం చూపిస్తారు. 2024లో ఈ కార్యక్రమం గుల్బెంకియన్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకుంది. అరకులోనైతే ఆహార కంపెనీ డనోన్ చొరవతో ఏర్పడిన లైవ్లీహుడ్స్ నిధి, నాంది సంస్థ ద్వారా ఆదివాసీ రైతుల చేత లక్షల్లో పళ్ల చెట్లూ నీడ చెట్లూ నాటించింది. నాటేందుకు సొమ్ము ముందే కంపెనీలు ఇచ్చాయి. చెట్లు పట్టుకునే కార్బన్ లెక్క వాటికి చెందుతుంది, పండు రైతుకు.

మళ్లీ కూన్ క్రీక్

1950, 60ల్లో కూన్ క్రీక్ కొండల మధ్య కేంద్రం డబ్బుతో వరదను ఆపే మట్టికట్టలు కట్టారు. 2018 ఆగస్టు చివర ఒక్క రాత్రి కురిసిన వానకు అక్కడ మూడు, పక్క పరీవాహకంలో రెండు తెగిపోయాయి. కట్టల అంచులు పగుళ్ల ఇసుకరాతిలో ఉన్నాయని, తిరిగి కట్టడం కన్నా మిగిలినవాటినీ తీసెయ్యడమే మేలని ఎన్ఆర్‌సీఎస్ అధ్యయనం చెప్పింది. వాన ఇప్పుడు 1930ల నాటిది కాదు, కాంటూరు పట్టీలు చాలాచోట్ల చెరిగిపోయి మొక్కజొన్న, సోయా నిలువునా దిగాయి. వాగుకు దిగువన ఇళ్లున్నవాళ్లూ, ఎగువన పొలాలున్నవాళ్లూ కలిసి ఒక పరీవాహక మండలి పెట్టుకున్నారు. పై వాలులో గడ్డి ఎవరు పెంచాలి, దానికి ఎవరు ఎంత ఇవ్వాలి అన్నదే ఇప్పుడు వాళ్ల ముందున్న లెక్క.